ఎండబెడితే పొగాకు విషం పోతుందా?

పొగ తాగడం వల్ల గుండెకూ ఊపిరితిత్తులకూ కలిగే హాని గురించి ఇదివరకే పలుమార్లు రాశాను. ఈసారి పొగాకును ఆరబెట్టడం గురించి రాయవలసి వస్తున్నది. ఒక వైద్యుడికి ఆ సంగతితో ఏం పని అని మీకు అనిపించవచ్చు. సంక్రాంతికి ముందు నాకూ అలాగే అనిపించేది.

మా బావమరిది ముప్పై ఏళ్లుగా అమెరికాలో ఉంటున్నాడు. పండక్కి మైపాడు దగ్గరి మా ఇంటికి వచ్చాడు. వచ్చిన మర్నాడు ఉదయం వంటింట్లోంచి ఒక ఇత్తడి పళ్లెం అడిగి తీసుకొని డాబా మీదికి వెళ్లాడు. వడియాలు పెట్టే చోట కూర్చొని, ఒక చిన్న రేకు డబ్బా మూత తీసి, అందులోంచి చాక్లెట్ రంగులో ఉన్న పలుచని బిళ్లలను పళ్లెంలో పరిచాడు. అది పైపులో వేసుకొని తాగే పొగాకు. ఈ రకాన్ని ఫ్లేక్ అంటారు. మాగిన ఆకుల ఈనెలు తీసివేసి, దొంతరలుగా పేర్చి, బరువు కింద చాలాసేపు అదిమి ఉంచితే ఆకులన్నీ కలిసి ఇటుకలా గట్టిపడతాయి. ఆ ఇటుకను రంపపు కోతలా పలుచగా తరిగితే వచ్చే ముక్కలే ఈ బిళ్లలు. డబ్బాలో తడి ఆరకుండా మూసి అమ్ముతారు కనుక తెరిచిన వెంటనే తాగితే అంటుకోదు. వేళ్లతో నలిపి, పొడిపొడిగా విడదీసి, గంటో రెండు గంటలో ఆరనిచ్చి, చిటికెడు తీసి నొక్కి చూస్తారు. ముద్దగా అంటుకుంటే ఇంకా తడి ఉన్నట్టు; నొక్కి వదిలితే మెల్లగా విచ్చుకుంటే తాగడానికి సిద్ధమైనట్టు.

మా సముద్రపు గాలికి ఆ లెక్కలు తెలియవు. మధ్యాహ్నం దాటినా పళ్లెంలోని ఆకు మెత్తగానే ఉంది. పక్కింట్లో వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన ఇదంతా చూసి నవ్వాడు. ఆయన తన చుట్టలను పొయ్యి పైన చూరులో దోపుకుంటాడు. పడవ మీదికి వెళ్లేటప్పుడు తలగుడ్డ మడతలో పెట్టుకుంటాడు. "మీ బామ్మరిది సామానూ నా చుట్టా ఒకటే గదా సామీ, డబ్బానే తేడా" అన్నాడు. అంతకంటే సూటిగా నేను చెప్పలేను.

బావమరిది మాత్రం ఒప్పుకోలేదు. "బావా, ఇందులో కాగితం లేదు, రసాయనాలు లేవు, ఉత్త ఆకు. పొగ గుండెల్లోకి లాగను, నోట్లోనే తిప్పి వదిలేస్తాను. పైగా ఇలా ఆరబెడితే అందులోని ఘాటంతా పోతుంది" అన్నాడు. నలభై ఏళ్ల ప్రభుత్వ వైద్యంలో ఈ మూడు మాటలను నేను చుట్ట తాగేవారి నోట, బీడీ తాగేవారి నోట, పొగాకు నమిలేవారి నోట వేరువేరు యాసల్లో విన్నాను. ఉత్త ఆకు, లోపలికి లాగను, ఎండబెట్టాను. ఇందులో చివరి మాటకు ఎవరూ సరైన జవాబు చెప్పగా నేను వినలేదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఎండబెడితే పోయేది నీరు. నికోటిన్ మరిగే వేడి సుమారు 247 డిగ్రీల సెల్సియస్. మన డాబా మీది ఎండకు అది ఆవిరై పోయే వస్తువు కాదు. ఒక చిన్న లెక్క వేద్దాం. 100 గ్రాముల పొగాకులో 20 గ్రాములు నీరు ఉందనుకోండి. దానిని నూటికి 12 పాళ్ల తేమ మిగిలేదాకా ఆరబెడితే మొత్తం బరువు దాదాపు 91 గ్రాములకు దిగుతుంది. నికోటిన్ మాత్రం ఉన్నంతా ఉంటుంది. అంటే గ్రాముకు పదో వంతు పెరిగిందన్నమాట. ఘాటు తగ్గినట్టు తోచడానికి కారణం వేరు. తడి ఆకు కాలేటప్పుడు ఆవిరి కలిసిన వేడి పొగ నాలుకను చురుక్కుమనిపిస్తుంది. ఆరిన ఆకు సాఫీగా కాలుతుంది కనుక ఆ చురుకు ఉండదు. నాలుకకు హాయిగా ఉన్నంత మాత్రాన కణాలకు హాయిగా ఉండదు. కార్బన్ మోనాక్సైడు, తారు, బెంజోపైరీన్ వంటి క్యాన్సర్ కారకాలు ఆకు కాలడం వల్ల పుట్టేవి. అవి కాగితం నుంచి రావడం లేదు, కంపెనీవారు కలిపినవీ కావు. వేపాకు కాల్చినా తారు వస్తుంది.

ఇక ఆ ఆకు డబ్బాలోకి చేరకముందు ఎన్నిసార్లు ఎండిందో మన జిల్లావారికి చెప్పనక్కరలేదు. వర్జీనియా పొగాకు 1920ల్లో గుంటూరు ప్రాంతపు నల్లరేగడిలో అడుగుపెట్టి, తరువాత ప్రకాశం, నెల్లూరు మెట్ట ప్రాంతాల తేలిక నేలలకు వచ్చింది. ఈ రోజుల్లో కలిగిరి వైపో డి.సి.పల్లి వైపో వెళితే పొలాల నడుమ ఎత్తుగా నిలబడిన బ్యారన్లు కనిపిస్తాయి. పచ్చాకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీరే. ఆ ఆకును కర్రలకు అల్లి బ్యారన్‌లో వరుసలుగా వేలాడదీస్తారు. మొదట 35 నుంచి 38 డిగ్రీల వేడిలో ఆకు పసుపు రంగుకు తిరుగుతుంది. ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారేది అప్పుడే. తరువాత వేడిని 50 దాటించి ఆకును, చివరికి 70 డిగ్రీల దాకా తీసుకువెళ్లి ఈనెను ఆరబెడతారు. అయిదారు రోజులపాటు రాత్రింబవళ్లు పొయ్యి దగ్గర ఎవరో ఒకరు మేల్కొని ఉండాలి. వేడి ఒక్కసారిగా పెరిగితే ఆకు నల్లబడుతుంది, రైతు అప్పుల్లో పడతాడు. ఆరిన ఆకు ముట్టుకుంటే పొడి అయిపోతుంది గనుక బ్యారన్ తలుపులు తెరిచి మంచుగాలికి పదునెక్కనిచ్చి, ఆపైన మండెలు వేస్తారు. ఈ పనితనం మీద నాకు గౌరవం ఉంది. థర్మామీటరు చూడకుండా ఆకు వాసనను బట్టి వేడి చెప్పగలిగిన మనుషులను నేను ఎరుగుదును.

అయితే ఈ దశలన్నింటిలో నికోటిన్‌ను తీసివేయడానికి ఉద్దేశించినది ఒక్కటీ లేదు. అన్నీ రంగు కోసం, రుచి కోసం, ధర కోసం. పైగా ఇక్కడొక విపరీతం ఉంది. పచ్చాకులో దాదాపుగా లేని కొన్ని విషాలు ఆకును ఆరబెట్టి మాగబెట్టే కాలంలోనే పుడతాయి. వాటిని నైట్రోసమైన్లు అంటారు. నీడన ఆరే ఆకులో సూక్ష్మజీవులు నైట్రేటును నైట్రైటుగా మారుస్తాయి, అది నికోటిన్ వంటి క్షారాలతో కలిసి ఈ విషాలను తయారుచేస్తుంది. బ్యారన్‌లోనైతే మంట నుంచి వచ్చే వాయువులు ఆకును నేరుగా తాకినప్పుడు ఇదే జరుగుతుంది. అందుకే పొగ గొట్టంలో పోవాలి, వేడి మాత్రమే ఆకుకు తగలాలి. గొట్టానికి చిల్లు పడితే రైతు ఆకు రంగు గురించి దిగులుపడతాడు, ఆ దిగులు న్యాయమైనదే. ఎన్‌ఎన్‌ఎన్, ఎన్‌ఎన్‌కె అని పిలిచే రెండు నైట్రోసమైన్లను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. ఆరబెట్టడం ఆకును శుద్ధి చేస్తుందని నమ్మేవారు ఈ సంగతిని ఒక్కసారి ఆలోచించాలి.

రెండో మాట, లోపలికి లాగను అన్నది. ఇందులో కొంత నిజం ఉంది, ప్రమాదం కూడా ఆ నిజంలోనే ఉంది. బ్యారన్‌లో వేడితో ఆరిన ఆకులో చక్కెర ఎక్కువ, దాని పొగకు ఆమ్ల గుణం ఉంటుంది. ఆ పొగలోని నికోటిన్ నోటి పొరల గుండా బాగా ఇంకదు, అందుకే సిగరెట్ తాగేవాడు పొగను ఊపిరితిత్తుల దాకా లాగుతాడు. నీడన, ఎండన ఆరి మాగిన చుట్ట ఆకులో చక్కెర మిగలదు, పొగ క్షార గుణంతో ఉంటుంది. నికోటిన్ నోట్లోంచే రక్తంలోకి చేరిపోతుంది. లోపలికి లాగవలసిన అవసరమే లేదు. పైపు పొగాకు తన మిశ్రమాన్ని బట్టి ఈ రెండింటి నడుమ ఎక్కడో ఒకచోట ఉంటుంది. కనుక చుట్ట, పైపు తాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సిగరెట్టువారి కంటే తక్కువ కావచ్చు గాని లేకుండా పోదు. పెదవి, నాలుక, అంగిలి, గొంతు మాత్రం పొగలో నానుతూ ఉంటాయి. మట్టి పైపులు తాగేవారికి కింది పెదవి మీద క్యాన్సర్ వస్తున్నదని జర్మన్ వైద్యుడు సోమ్మరింగ్ 1795లోనే గమనించాడు. సిగరెట్ యంత్రం పుట్టడానికి ఎనభై ఏళ్లకు పైగా ముందటి మాట అది. అప్పుడు తాగింది కూడా ఉత్త ఆకే.

మన తెలుగునేల ఈ విషయంలో వైద్యశాస్త్రానికి ఒక విషాదకరమైన పాఠం అందించింది. శ్రీకాకుళం, విశాఖ తీరాలలో స్త్రీలు చుట్ట నిప్పును నోటి లోపల ఉంచి తాగే అడ్డపొగ అలవాటు మీరు వినే ఉంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరకుండా ఉండటానికి మొదలైందని కొందరంటారు. డెన్మార్కుకు చెందిన పిండ్‌బోర్గ్, మన దేశపు పరిశోధకులు కలిసి ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణుల అంగిళ్లను పరీక్షించి 1971లో ఒక బ్రిటిష్ పత్రికలో ప్రకటించారు. ఇతర చోట్ల అరుదైన గట్టి అంగిలి క్యాన్సర్ అక్కడ ఎందుకు తరచుగా కనిపిస్తున్నదో ప్రపంచానికి తెలిసింది ఇటువంటి పరిశోధనల వల్లనే.

ఇది చెబుతూ చెబుతూ, ఎందుకో అనుమానం వచ్చి, మా బావమరిదిని ఎండలోకి తిరిగి నోరు తెరవమన్నాను. అంగిలి మీద పొర తెల్లగా మందమై, ఎండిన చెరువు నేలలా గీతలు పడి, మధ్యమధ్య ఎర్రని చుక్కలున్నాయి. ఆ చుక్కలు వాచిన చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు. దీనిని వైద్యభాషలో నికోటిన్ స్టొమటైటిస్ అంటారు, పైపు తాగేవారి అంగిలికి ఇది సొంత ముద్ర వంటిది. పేరులో నికోటిన్ ఉన్నా ముఖ్య కారణం వేడి పొగ. మామూలు పద్ధతిలో తాగేవారిలో ఇది సాధారణంగా క్యాన్సర్‌గా మారదు, అలవాటు మానితే కొన్ని వారాల్లో తగ్గుతుంది. అడ్డపొగ తాగేవారిలో మాత్రం క్యాన్సర్‌కు ముందు దశగానే చూడాలి. అద్దం ఇచ్చి చూపించాను. దంతవైద్యుడి దగ్గరికి వెళ్లి మూడేళ్లయిందట. ఆ సాయంత్రం పళ్లెం కిందికి తెచ్చుకోలేదు. పొగాకు మంచులోనే ఉండిపోయింది.

ఇక నాకు అసలు ముఖ్యమైన విషయానికి వస్తాను. పొగాకు ఆరకముందు ఎవరి చేతుల్లో ఉంటుంది?

1980ల తొలినాళ్లలో నేను మెట్ట ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. జనవరి నెలలో ఒకనాటి మధ్యాహ్నం నలుగురు కూలి స్త్రీలను ఎద్దులబండి మీద తెచ్చారు. వాంతులు, తలతిప్పు, చెమటలు, పాలిపోయిన ముఖాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి. పురుగుమందేమో అనుకున్నాను. ఆ వారం ఎవరూ మందు కొట్టలేదన్నారు. అయితే తిండిలో ఏదో దోషమని తేల్చి సెలైన్లు పెట్టాను. నలుగురూ వేరువేరు ఇళ్లలో తిన్నారన్న సంగతి అడిగి తెలుసుకోవాలని కూడా నాకు తోచలేదు. వారిలో పెద్దామె నా ఆరాటం చూసి, "అది ఆకు మత్తు సామీ. పొద్దున్నే మంచులో రెలిచినాం. రేప్పొద్దుటికి దిగిపోద్ది" అంది. దిగిపోయింది. ఆ సీజనులో అటువంటివారు ఇంకా వచ్చారు. నేను రిజిస్టరులో రాసింది మాత్రం ప్రతిసారీ జీర్ణకోశ వ్యాధి అనే.

ఆమె చెప్పిన జబ్బుకు అప్పటికే వైద్యగ్రంథాలలో పేరుంది. ఫ్లోరిడా పొగాకు తోటల కూలీలలో దీనిని గుర్తించి 1970లో ప్రకటించారు. పచ్చ పొగాకు జబ్బు అని మనం అనుకోవచ్చు. అహమదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థవారు గుజరాత్ పొగాకు కూలీలలో సర్వే చేసి 1979లోనే వివరాలు ప్రకటించారు. నేను చదవలేదు. తప్పు నాది. నికోటిన్ నీటిలో తేలికగా కరుగుతుంది, చర్మం గుండా ఇంకుతుంది. మంచు పడిన ఆకు మీద నిలిచిన 100 మిల్లీలీటర్ల నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా నికోటిన్ ఉండగలదని అమెరికా ఆరోగ్య శాఖ లెక్కకట్టింది. అది సుమారు ఆరు సిగరెట్ల నికోటిన్‌తో సమానం. ఆకును చంకన ఇరికించుకొని, తడి చీరతో వరుసల వెంట నడిచే ఆడకూతురి ఒంటి మీదికి ఎన్ని సిగరెట్లు చేరుతున్నాయో ఊహించండి. ఆమె జన్మలో ఒక్క చుట్ట ముట్టించి ఉండదు. గర్భిణి అయితే కడుపులోని బిడ్డకు కూడా అందులో వాటా ఉంటుంది. పొగ తాగే కూలీకి నికోటిన్ అలవాటు ఉంటుంది కనుక ఈ జబ్బు లక్షణాలు తక్కువగా కనిపిస్తాయి. అలవాటు లేనివారే ఎక్కువగా పడిపోతారు.

ఈ జబ్బుకు నివారణ కష్టమేమీ కాదు. మంచు ఆరిన తరువాతనే ఆకు రెలవాలి. చేతులకు రబ్బరు తొడుగులు, ఒంటికి నీరు ఇంకని గుడ్డ ఉండాలి. తడిసిన బట్టలు వెంటనే మార్చుకోవాలి, సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు. గర్భిణులను, పిల్లలను పచ్చాకు పనికి పంపకూడదు. పొద్దెక్కేదాకా ఆగితే కూలి గంటలు పోతాయని రైతు అంటాడు, ఎండలో తొడుగులు వేసుకుంటే చేతులు ఉడికిపోతాయని కూలీలు అంటారు. రెండూ నిజమే. అందుకనే దీనిని వారికి వారు తేల్చుకోమని వదిలివేయకూడదని నా వాదన. పంటకు అనుమతి, బ్యారన్‌కు లైసెన్సు, బేలుకు వేలం, ఇన్ని చూసుకోవడానికి గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఉంది. బ్యారన్ లైసెన్సుతో పాటు ఇన్ని జతల తొడుగులు అనే నిబంధన పెట్టడం అసాధ్యం కాదు. 2025లో నల్ల బర్లీ ధర పడిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా ఆకు కొనిపించింది. రైతును ఆదుకోవడం మంచిదే. ధర పడితే కదిలిన యంత్రాంగం, మనిషి పడితే కూడా కదలాలి గదా. పొగాకు నియంత్రణపై మన దేశం 2004లో ఆమోదించిన అంతర్జాతీయ ఒప్పందంలో సాగుచేసేవారి ఆరోగ్య రక్షణకు ఒక అధికరణమే ఉంది.

మెట్ట మండలాల్లో పనిచేస్తున్న యువ డాక్టర్లకు ఒక విన్నపం. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వాంతులతో కూలి స్త్రీ వస్తే, తిన్నదేమిటని అడిగే ముందు ఈ ఉదయం ఆకు రెలిచారా అని అడగండి. రిజిస్టరులో ఆ మాటే రాయండి. రాయని జబ్బుకు ప్రభుత్వం లెక్కల్లో చోటుండదు. నా రిజిస్టర్లు దానికి సాక్ష్యం.

పొగాకు మానాలనుకునే పాఠకులు 1800-11-2356 నంబరుకు ఫోను చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉచిత సలహా సేవ అది. నోట్లో తెల్లని మచ్చగాని, ఎర్రని మచ్చగాని, పుండుగాని రెండు మూడు వారాలకు మించి మానకుండా ఉంటే నొప్పి లేదని ఊరుకోకండి. తొలిదశ నోటి క్యాన్సర్ చాలాసార్లు నొప్పి పుట్టించదు.

బావమరిది తిరిగి వెళ్లాడు. నిన్న ఫోనులో అంగిలి ఫొటో పంపాడు. తెలుపు కొంత తగ్గినట్టే ఉంది. పూర్తిగా మానలేదని, వారానికి రెండుసార్లేనని రాశాడు. అంగిలి మీద మచ్చ మిగిలిపోతే ముక్క తీయించి పరీక్ష చేయించవలసిందేనని జవాబు ఇచ్చాను.

అసలు దిగులు పక్కింటి పెద్దాయన గురించి. బావమరిది నోరు చూసిన రోజునే ఆయన నోరు కూడా చూశాను. కుడి చెంప లోపల, చుట్ట ఆనే చోట, తెలుపూ ఎరుపూ కలిసిన మచ్చ ఉంది. చేతికి గట్టిగా తగిలింది. ఇది అంగిలి మీది తెల్లపొర వంటిది కాదు. నెల్లూరు వెళ్లి ముక్క పరీక్ష చేయించుకుందామంటే, "ఏప్రిల్ 15న వేట ఆపుతారు గదా సామీ, అప్పుడు రెండు నెలలు ఖాళీనే, అప్పుడొస్తా" అంటున్నాడు. వేట నిషేధానికి ఇంకా పది వారాలుంది. ఆయన కొడుకుతో మాట్లాడాను. సోమవారం ఉదయానికి ఆటో చెప్పాము.